కాగితంలో లేని మెట్టు

నేను రిటైరైన ఆఫీసులోనే చేరిన మా మేనకోడలు మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"మావయ్యా, నేనీ ఉద్యోగానికి పనికిరాను. సాయంత్రం మానేస్తానని చెప్పేస్తా. కంప్యూటర్లో కంపైలర్ పెట్టుకోవడం కూడా చేతకాలేదు. ఎలా పెట్టుకోవాలో ఆఫీసులో ఇచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశా, చివర్లో లింకర్ లేదంటోంది."

మనం రాసిన ప్రోగ్రాముని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ గుడ్డ కత్తిరించే దర్జీ అయితే, ఆ ముక్కల్ని కలిపి కుట్టేది లింకర్. దాన్ని విడిగా పెట్టుకోవాలి. గురువు లేని చదువు కనక ఈ సంగతి తెలియడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ రామాయణం ఇప్పుడెందుకు గానీ,

"ఇదేమీ బ్రహ్మవిద్య కాదమ్మా, రాసుకో," అని మూడు ముక్కల్లో చెప్పాను.

ఐదు నిమిషాలకి నవ్వు వినిపించింది.

"పనిచేసింది మావయ్యా. ఆ కాగితం రాసిన మహానుభావుడెవరో గానీ ఈ మెట్టు మింగేశాడు, పేరైనా పెట్టుకోలేదు. నాకు ముందు చేరినావిడ ఇక్కడే ఆగిపోయి, తనకి చదువే రాలేదనుకుని ఏడ్చుకుంటూ మానేసిందట."

"మరిచిపోయుంటాడులే, పాపం," అన్నాను.

మరిచిపోలేదు. అక్కడ ఆగినవాళ్లు నా కుర్చీ దాకా వచ్చి అడుగుతారని ఆ మెట్టు రాయకుండా వదిలేశాను. కుర్చీ ఖాళీ చేసిన రోజున కూడా చేర్చలేదు, నేను లేని లోటు వాళ్లకి తెలియాలని.