అది ఆటే

రోడ్డు రోలర్‌కు పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టారు.

సూర్యాపేట మైదానంలో దాని ముందు వీడియో గేమ్ పెట్టెలు, రిమోట్లు, స్క్రీన్లు గుట్టగా పోసి ఉన్నాయి. కోదాడ, మిర్యాలగూడల్లో దుకాణాలూ గదులూ గాలించి, రవీందర్ మనుషులు పొద్దున్నే ఎత్తుకొచ్చిన సామాను అది.

రవీందర్‌ది మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఈసారి పార్టీ టికెట్ మీద కన్నేశాడు. ఒక్క గేమ్ కూడా ఆడి ఎరగడు కానీ, నెల రోజులుగా ఊరూరా వాటిని దుమ్మెత్తి పోస్తున్నాడు. తెలియని సంగతి మీద మాట్లాడేవాళ్లకు గొంతు కాస్త ఎక్కువే లేస్తుంది మరి.

ఆ రోజు ఆయన హుషారుకు ఇంకో కారణం కూడా ఉంది.

పక్షవాతం వచ్చి ఏడు నెలలుగా పడిపోయిన తల్లి కుడిచెయ్యి ఆ పొద్దున కదిలింది. రెండు వేళ్లతో కొడుకు చొక్కా అంచు పట్టుకుంది.

"కరెంటు మిషన్ పెడుతున్నారండీ" అంది భార్య సుమిత్ర. "ఇంకో రెండు నెలలు పెడితే అత్తయ్య తన చేత్తో తనే అన్నం తింటారట. మధ్యలో ఆపితే మాత్రం చెయ్యి మళ్లీ బిగుసుకుపోతుందన్నారు."

"ఒక్క రోజు సుత ఆపొద్దు" అన్నాడు రవీందర్. కళ్లు తుడుచుకుని కారెక్కాడు.

ఇప్పుడు మైకు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఈ ఆటలు మన పిల్లల చేతులు పడగొడుతున్నయ్!"

చప్పట్లు మోగాయి. వాటి మధ్య నుంచే ఒకామె జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. నలిగిన చుడీదార్ మీద బస్సు దుమ్ము.

"సార్, గా నల్ల పెట్టె నాది. మిర్యాలగూడల తాళం పగలగొట్టి ఎత్తుకొచ్చిండ్రు. ఇచ్చెయ్యుండ్రి."

"గేమేనా అది?"

"గేమే."

రవీందర్ పీఏ హరీష్ మంచివాడు. ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏదో మిషనని చెప్పమ్మా. అన్న వదిలేస్తడు."

"ఎందుకు చెప్పాలె? అది ఆటే. ఆట కాబట్టే పనిచేస్తది."

ఆ మాట మైకులో పడి మైదానమంతా వినిపించింది. ఆమె రవీందర్ వైపు తిరిగింది.

"మీరెన్నడన్న ఒక్క ఆట ఆడి సూసిండ్రా సార్?"

"విషమని చెప్పేటందుకు తాగి సూడాల్నా?"

మళ్లీ చప్పట్లు.

"తాగొద్దు సార్. సీసా మీద పేరన్న సదవాలె గద."

ఈసారి నవ్వులు వినిపించాయి. రవీందర్‌కు చెవులు వేడెక్కాయి.

ఆమె గుట్టలోంచి ఆ బ్యాటరీ పెట్టె తీసి ఆన్ చేసింది. దానికి వైర్లు కుట్టిన తొడుగొకటి వేలాడుతోంది. పెట్టెకున్న స్క్రీన్ మీద వంగిన బొమ్మలు ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, బురదలో పచ్చటి చుక్కలు గుచ్చుతున్నాయి.

రవీందర్ పెట్టె లాక్కుని జనానికి చూపించాడు.

"సూడుండ్రి! ముందటికి పోవాల్సిన పిల్లలకు ఎనకకు నడుసుడు నేర్పిస్తున్నరు!"

జనం పలచబడకుండా నిడమనూరు నుంచి డీసీఎం వ్యానులో కూలీ ఆడవాళ్లను తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలోంచి సుందరమ్మ లేచింది.

"అయ్యా, అవి నాట్లు! నాటేసేటోళ్లు ఎనకకే నడుస్తరు. మిల్లు సార్లు గద, వడ్లు బస్తాలకెక్కినంకనే మీకు ఎరుకైతయ్!"

మైదానం గొల్లున నవ్వింది. వేదిక మీదున్నవాళ్లు కూడా నోటికి కండువాలు అడ్డం పెట్టుకున్నారు. రవీందర్‌కు తల తీసేసినట్టయింది. పెట్టెను గుట్ట మీదికి విసిరాడు.

"రోలర్ ఎక్కియ్యి!"

ఆమె పోయి రోలర్‌కు అడ్డంగా నిలబడింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు.

"ఎవలే నువ్వు? ఎంత ధైర్యం నీకు?" అరిచాడు రవీందర్.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఆ ఆగడం చూసి, భయపడిందనుకున్నాడు ఆయన.

మహిళా కార్యకర్తలు చెరో రెక్కా పట్టి ఆమెను పక్కకు లాగారు.

"తొక్కియ్యుండ్రి!" అంది ఆమె. "గా తొడుగు కుట్టేటందుకు నాకు ఆర్నెల్లు పట్టింది. మళ్ల కుడత. మళ్ల గూడ ఆటనే చేస్త!"

రోలర్ కదిలింది. పెట్టె పటపటమని విరిగింది. ఆ విరిగిన ముక్కల ముందు రవీందర్ నవ్వుతూ ఫొటో దిగాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి యమునమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని పడి ఉంది.

"ఇయ్యాల నాట్లు ఆగిపోయినయ్ బిడ్డా" అంది దిగులుగా.

"నాట్లేందమ్మా?"

సుమిత్ర తల దించుకుంది.

"మీతో అబద్ధం చెప్పామండీ. అది కరెంటు మిషన్ కాదు. చేతికి తొడుగేసుకుని స్క్రీన్ మీద నారు నాటే ఆట. పెద్దవూరలో చిన్నప్పుడు నాట్లేసిన చెయ్యి కదా, అదైతేనే అత్తయ్య వేళ్లు కదిపారు. నవనీత అని, చేతులకు కసరత్తు చేయించే డాక్టరమ్మ సొంతంగా తయారుచేసింది. అలాంటిది ఇంకోటి లేదట. పొద్దున్నే ఎవరో ఆమె గది తాళం పగలగొట్టి ఎత్తుకుపోయారు."

రవీందర్ తల్లి ముడుచుకున్న చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఆమెకు... నేను నీ కొడుకునని తెల్వదా అమ్మా? తెలిస్తే ఒక్క మాట చెప్పకపోవునా?"

"తెల్వకేంది బిడ్డా" అంది యమునమ్మ. "నీ ఫ్లెక్సీ సూపిచ్చి, 'వీడే నా కొడుకు. ఆటతోటి నాకు నయమైతుందని తెలిస్తే నలుగురిల వీని పరువు పోతది. పానం పోయినా చెప్పకు' అని నేనే ఆ పిల్లతోటి ఒట్టేపిచ్చుకున్న."