బాలమ్మ కలలు

"ఆ కలలు నావి కావు బిడ్డా," అన్నాడు కవి మద్దిలేటి సారు.

నందిని చేతిలోని చాయ్ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆమె చేస్తున్న పరిశోధనంతా ఆ కలల మీదే నిలబడి ఉంది. కవి పుట్టిన ఊరు డ్యాం కట్టినప్పుడు కృష్ణలో మునిగింది. అందుకే ఆయన కవితల నిండా నీళ్లు, నీళ్లలో తేలే తలుపు, తలుపు వెనక పిలిచే గొంతు. కవి బతుకూ, బతికిన కాలమూ ఆయనకు కలలవుతాయని రెండు వందల పేజీలు రాసింది. సోమవారం సమర్పించాలి. ఆఖరి అధ్యాయానికి సారు నోటి మాట ఒకటి దొరికితే బాగుంటుందని కొల్లాపూర్‌లో బస్సు దిగి, ఆటో ఎక్కి, మునిగిన ఊళ్లవాళ్ల కాలనీలోని ఈ ఇంటికి వచ్చింది. ఒక్క మాట కోసం వస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోయేలా ఉంది.

"మరి ఎవరివి సార్?"

"ఆమెవి." సారు వంటింటి వైపు చూపించాడు. అక్కడ ఆయన భార్య బాలమ్మ కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయలు కోస్తోంది. "నాకు బుద్ధెరిగిన సంది కల పడలే. పండుకుంటె మొద్దు నిద్రే. పొద్దుగాల లేస్తనే ఆమె చెప్తది, రాత్రి గిట్ల కలొచ్చిందని. నేను రాసుకుంట. నలభై ఏండ్లకు పైనే గిదే పని. డెబ్బై దాటినంక గూడ ఈ దొంగ పేరు నాకెందుకు? నీ పుస్తకంల గదే రాయి."

చెప్పేసి ఆయన తేలికపడ్డాడు. నందినికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

"తలుపు వెనక పిలిచే గొంతు మీ అమ్మగారిదని రాసిన సార్."

"మా అమ్మ ఊరు మునగకముందే పోయింది," అన్నాడు సారు గబుక్కున. వెంటనే లేచి, లోపలి గది తలుపును అరచేత్తో తట్టాడు. "గిది జూడు. మా పాతింటి తలుపు. నల్లమల టేకు. నీళ్లొస్తున్నయంటె అందరం తలుపులు, దూలాలు పీక్కొని పుట్లల్ల, గా గుండ్రటి పడవలల్ల, ఏస్కొని ఒడ్డుకు చేర్చినం. నేను మొదటి తిరుగుల్నే దీన్ని తెచ్చిన. ఎక్కడ ఇల్లు కట్టుకున్నా తలుపైతె కావాలె గద."

ఆ తర్వాత బీపీ గోళీ వేసుకుని, "జర నడుం వాలుస్త బిడ్డా, తిని పో," అని లోపలికి వెళ్లి ఆ తలుపే దగ్గరికి వేసుకున్నాడు.

నందినికి సోమవారం గుర్తొచ్చింది. సరే, కలలు బాలమ్మవైతే బాలమ్మ బతుకే రాయాలి. ఫోన్‌లో రికార్డింగు పెట్టుకుని వంటింటి గడపలో కూర్చుంది.

"అమ్మా, మునిగిన ఊరు మీకు మంచిగ యాదికున్నదా?"

"నేనెప్పుడు జూసిన బిడ్డా? మాది పెద్దమందడి. ఊరు మునిగిన రెండేండ్లకు నా పెండ్లయింది."

"పుట్టి ఎప్పుడన్న ఎక్కిన్రా?"

"అమ్మో, నాకు నీళ్లంటె బుగులు. సోమశిలకు తానానికి పోయినా మెట్ల మీదనే కూసుండి చెంబుతోటి పోసుకుంట."

నందిని ఆయన కవితల పుస్తకం తెరిచింది. కలలో ఇంటి ముందు మూడు మెట్లు, మూడోది విరిగింది. ఎడమ చేతికి కుడితి తొట్టి. తెడ్డు రాపిడికి అరచేతుల్లో బొబ్బలు. ఆ ఊరే చూడని, పుట్టే ఎక్కని మనిషి కలలోకి ఇవన్నీ ఎక్కడినుంచి వస్తాయి?

"ఇవి మీ కలలు కావమ్మా," అంది.

బాలమ్మ తల ఎత్తలేదు. చేతిలోని కాయ కోయడం పూర్తిచేసి, టెంక తీసి పక్కన పడేసింది.

"నాకు కలలు యాడియి బిడ్డా? ఆయన పండుకుంటె నేను నిద్రపోతె గద. కన్ను మూస్తనే మాట్లాడుతడు. ఏడుస్తడు. పెండ్లయిన కొత్తల ఒకపారి చెప్పిన, నిద్రల గిట్లన్నవని. రెండు రోజులు అన్నం ముట్టలే. మూడో నాడు పోయి నీళ్లల్ల మెడదాక నిలవడ్డడు. మంది గుంజుకొచ్చిన్రు. అప్పటిసంది నాకే కలొచ్చిందని చెప్తున్న. నాదంటె బుగులు లేకుంట ఇంటడు. రాసుకుంటడు. రాసినంక జర నిమ్మళంగ ఉంటడు."

"సారుకు అనుమానం రాలేదా?"

"వచ్చినా అడగడు."

నందిని పరిశోధన నిలబడింది. తను రాసిన ప్రతి పేజీ నిజమే. సంతోషించాల్సింది పోయి, లేచి ఆ ఇంట్లోంచి బయటపడాలనిపించింది.

"కలంతా చెప్తారా ఆయనకు?"

"అంత చెప్త, ఒక్క ముక్క తప్ప. కల ఆఖర్ల రోజు అంటడు ఆ మాట. నలభై ఏండ్లల్ల నేను నోట పలకలే. నా శెవుల పడ్డదని ఆయనకు ఎర్కయితె మల్ల నీళ్లల్లకే పోతడు."

మూసిన తలుపు వెనక మంచం కిర్రుమంది. బాలమ్మ చెయ్యి కత్తిపీట మీదే ఆగింది. లోపలినుంచి గొంతు లేచింది. అది డెబ్బై ఏళ్ల మనిషిది కాదు, పాతికేళ్లయినా నిండని పిల్లగాడిది. ఎవరినో బతిమాలుతోంది.

నందిని గబగబా ఫోన్ తీసి రికార్డింగు ఆపేసింది.

"పుట్టిల జాగ లేదమ్మా. నువ్వు గడప మీదనే కూసో. ఈ తలుపు ఒడ్డుకు దించి మళ్లొస్త."