రావమ్మ ఎంచిన డిస్కులు

"ఇరవై డిస్కుల హారోనే తీసుకోండమ్మా. రెండుసార్లు తిప్పితే చేను పిండిపిండి అయిపోద్ది," అన్నాడు హర్షవర్ధన్.

రావమ్మ సంచిలోంచి కొబ్బరితాడు తీసి ఒక కొస ట్రాక్టరు తోలుకొచ్చిన అంకారావు చేతికిచ్చింది, రెండో కొస తను పట్టుకుంది. వినగడపలో గడ్డి చేలలోకి ట్రాక్టరు దిగే గండి ఎంత వెడల్పో ఆ తాడు అంత పొడవు. పొద్దున్నే కొలిచి కోసుకొచ్చింది. ట్రాక్టరు వెనక తగిలించి దున్నే ఆ హారో, తాడు దాటి రెండు పక్కలా జానెడేసి బయటికి వచ్చింది.

"ఇది లోపలికి దిగాలంటే గట్లు తెగ్గొట్టాలి బాబూ. వద్దు," అంది.

తిరువూరులో ఆ పనిముట్ల షాపు హర్షవర్ధన్‌ది. అది 2004 జూన్ మొదటి వారం. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది. రైతులంతా కల్టివేటర్లకీ గొర్రులకీ ఎగబడుతున్నారు. ఇంత తీరిగ్గా కొలతలు తీసే మనిషిని అతను ఆ సీజన్లో చూడలేదు. ట్రాక్టరు డ్రైవరైనా నచ్చజెబుతాడేమోనని అంకారావు వైపు తిరిగాడు. అంకారావు నవ్వి, ఆమె ఏదంటే అదేనన్నాడు.

నిరుడు అద్దెకు తెచ్చిన పెద్ద హారో సంగతి ఇద్దరికీ గుర్తుంది. గడ్డి చేలు తొమ్మిది చిన్న పొలం చెక్కలు. ఏ చెక్కలోనూ అది సరిగా మళ్ళలేదు. మూలలన్నీ మిగిలిపోతే రావమ్మా, మరో ముగ్గురు ఆడవాళ్ళూ రెండు రోజులు పలుగులతో తవ్వారు. అయినా చల్లిన మేతగడ్డి మచ్చలు మచ్చలుగానే మొలిచింది. ఎండాకాలానికి మేత చాలక రెండు గేదెల్ని అమ్మాల్సి వచ్చింది. అందులో ఒకదానికి రావమ్మ దూడప్పుడు వేలు నాకించి పాలు అలవాటు చేసింది. అది లారీ ఎక్కుతుంటే చూడలేక ఆమె గొడ్లచావిడి వెనక్కి వెళ్ళిపోయింది.

హర్షవర్ధన్ పద్నాలుగు డిస్కులది చూపించాడు. తాడు లోపలే ఇమిడింది. కానీ ఆమె దున్ని చూడందే తీసుకోనంది. అతను కాసేపు గొణిగి, చివరికి షాపు వెనక ఖాళీ స్థలం చూపించాడు. నేలంతా గడ్డి దుబ్బులు కట్టి ఉంది. అంకారావు హారో తగిలించి ఓ సాలు పోనిచ్చాడు. డిస్కులు దుబ్బుల మీదుగా దొర్లుకుంటూ పోయాయి. రావమ్మ వంగి ఒక దుబ్బును పట్టి లాగింది. వేరు తెగలేదు.

"అంచుకు గాట్లున్న డిస్కులు లేవా?" అని అడిగింది.

ఉన్నాయిగానీ చిన్న చేలవాళ్ళెవరూ అడగరన్నాడు హర్షవర్ధన్. ముందు వరసకు గాట్లవి, వెనక వరసకు మామూలువి బిగించమంది. మెకానిక్ గంటసేపు నట్లు తిప్పాడు. రెండో సాలు పోయేసరికి దుబ్బులు ముక్కలై పైకి లేచాయి. రావమ్మ చెప్పులు వదిలి, ఆ మట్టిలో పది అడుగులు నడిచింది. మడమ దిగినచోట వేలు పెట్టి లోతు చూసింది.

"ఇది చాలు. మా తొమ్మిదింటిలో మూడు చెక్కలకు అడుగున గులకరాళ్ళ గరప తగులుద్ది. ఇంకా లోతుకు పోతే రాయి పైకొచ్చుద్ది. ఆ రాళ్ళు ఏరింది నేనే."

హర్షవర్ధన్ కుర్చీ తెప్పించి ఆమెను కూర్చోబెట్టి, టీ ఇప్పించాడు. పదేళ్ళుగా అమ్ముతున్నా నేల గురించి ఇంత తెలిసిన రైతును చూడలేదన్నాడు. ఇకమీదట ఎవరు గడ్డి చేలకు హారో అడిగినా ఇలాగే బిగించి ఇస్తానన్నాడు. రావమ్మ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుంది. ఆమె పెదవుల మీది నవ్వు మాత్రం దాగలేదు.

మూడో రోజు వాన పడింది. నేల ఆరగానే అంకారావు హారో దించాడు. అది గండిలోంచి ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళింది. ప్రతి చెక్కలోనూ మూలదాకా వెళ్ళి మళ్ళింది. మధ్యాహ్నానికి తొమ్మిది చెక్కలూ దువ్విన తలలా నున్నగా ఉన్నాయి. గంపలగూడెం వెళ్ళే ఆటోవాళ్ళు కూడా ఆపి, ఎవరు ఎంచారీ డిస్కులని అడిగారు.

"మా రావమ్మ పిన్ని," అన్నాడు అంకారావు, దారిన పోయేవాళ్ళందరికీ వినపడేలా.

రావమ్మ గట్టు మీద నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసుకుంది. ఆమె గుండె నిండిపోయింది.

ఆ పొలం అంకారావుది. రావమ్మ అందులో కూలి.