ఎర దారి

“ఆపవయ్యా ఆ ఎర! వెనకాల సొరచేప రెక్క కనబడింది,” అన్నాడు మామ, పడవ వెనక అంచున నిలబడి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అల్లుడు ఆపలేదు. చిన్న చేపల్ని తరిగి నెత్తురుతో సహా కలిపి ఉంచిన తొట్టిలోంచి ఇంకో గుప్పెడు తీసి, నీళ్ళలోకి జారవిడిచాడు. పొద్దుట్నించీ అదే పని. ఇంజను ఆపేసి, పడవని గాలికి వదిలేసి, గుప్పెడు తరవాత గుప్పెడు. ఆ ముక్కలూ, వాటిలోంచి ఊరిన నూనే కలిసి పడవ వెనక నిగనిగలాడే చారలా కనుచూపుమేరా సాగాయి. ఎక్కడో లోతున తిరిగే ట్యూనా చేపలు ఆ చారని పట్టుకుని, తింటూ తింటూ పడవ దాకా రావాలి. దారి మధ్యలో తెగకూడదు. అలాగని వాటి కడుపూ నిండకూడదు.

“ఇప్పుడు ఆపితే దారి తెగిపోతుంది మామయ్యా. పడ్డ కష్టమంతా నీళ్ళపాలు.”

“ఇప్పటిదాకా ఎక్కడ పోశావేంటి? నీళ్ళలోనేగా! సొరలొచ్చాక ట్యూనా రాదు. వచ్చినా మన గాలానికి తలకాయ ఒక్కటే మిగులుతుంది.”

“ఒక్క రెక్కకే ఇంత హడలా? మీ అమ్మాయి చెప్పింది లెండి, మీరు బొద్దింకని చూసి మంచమెక్కుతారట.”

“అది చెప్పిందా! ఇంటికెళ్ళనీ, దాని పని చెప్తాను.”

మామ మాట పూర్తవలేదు. చార మీద చాలా దూరంగా, ఎండ పడి కళ్ళు చెదిరే చోట, నీళ్ళు భగ్గున పైకి లేచాయి. తెల్లటి నురగ. నల్లగా ఏదో తేలింది, మునిగింది, మళ్ళీ తేలింది. పక్షులు గుంపుగా వాలి, చెదిరిపోయాయి.

“ట్యూనా! మేత మీద పడ్డాయి మామయ్యా!” అల్లుడు ఎగిరి గంతేశాడు. తొట్టిని పొట్టకానించుకుని రెండు చేతులా ఎర చల్లడం మొదలుపెట్టాడు. “రండి, రండి! ఇంకా ఉంది, రండి!”

అంతసేపూ చిరాకుపడ్డ మామకీ హుషారొచ్చింది. గాలానికి ముక్క గుచ్చి, మిగతా ముక్కలతో పాటు కొట్టుకుపోయేలా వదులుగా తాడు వదిలాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

నురగ అణిగిపోయింది. తాడు బిగుసుకోలేదు. ఎంతసేపు చూసినా అంతే.

“ట్యూనా కాదు, నా మొహం కాదు. సొరలే దేన్నో పట్టుకున్నాయి,” అన్నాడు మామ తాడు లాక్కుంటూ. “పద, పోదాం.”

అల్లుడు మొహం వేలాడేసుకుని చెయ్యి కడుక్కోబోయి, ఆగిపోయాడు.

“మామయ్యా, అదేంటి? చార మీదే వస్తోంది.”

“ఏదో నీళ్ళ క్యాను. ఎవరో పారేసుంటారు.”

“పారేసిన క్యాను చార తప్పకుండా ఇటెలా వస్తుంది?”

మామ తేరిపార చూశాడు. నీలం రంగు క్యాను. దాని పక్కనుంచి ఒక చెయ్యి పైకి లేచి నీళ్ళ మీద పడింది. మళ్ళీ లేచింది.

అల్లుడు ఇంజను వైపు పరుగెత్తాడు. “మనిషి! మామయ్యా, మనిషి!”

ఇంజను దడదడలాడింది. పడవ తిప్పి, క్యాను పక్కకి తెచ్చి, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని మనిషిని పైకి లాగారు. కుర్రాడే. ఉప్పుకి ఒళ్ళంతా పొట్టు లేచిపోయింది. పెదాలు పగిలి పెచ్చుకట్టాయి. గడ్డానికి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

మామ వాడి తల ఒళ్ళో పెట్టుకుని కొద్దికొద్దిగా మంచినీళ్ళు పోశాడు. “నెమ్మదిగా బాబూ, నెమ్మదిగా. ఎక్కడినుంచి వస్తున్నావు?”

“పడవ… బోల్తా పడింది,” అన్నాడు వాడు గుటకలు మింగుతూ. “దాని వీపు మీదెక్కి కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఇవాళ నీళ్ళలో చేప ముక్కలు తేలుతూ కనబడ్డాయి. ఎవరో ఎర వేస్తున్నారు, చివర పడవ ఉండే తీరుతుంది అనిపించింది. ఆ ముక్కలే తింటూ, ఆ చారనే పట్టుకుని వచ్చేశాను.”

అల్లుడు అక్కడే కూలబడి ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. “చూశారా మామయ్యా! ఆపమన్నారు, ఆపమన్నారు! ఆపేసుంటే ఏమయ్యేది?”

“నీ చేతికి దణ్ణం పెట్టాలయ్యా,” అన్నాడు మామ. తన చొక్కా విప్పి కుర్రాడికి కప్పాడు.

కుర్రాడు ఇంకో గుక్క తాగాడు. కాస్త ఓపిక వచ్చినట్టుంది, మోచేతి మీద లేచి పడవంతా కలయజూశాడు. తలుపు మూసున్న ఇంజను గది వైపు చూసి, పగిలిన పెదాలతోనే నవ్వాడు.

“మా అన్న లోపల పడుకున్నాడా? నాకంటే ముందే ఈదుకుంటూ వచ్చేశాడుగా!”