ఖాళీ గది

విఠల్ మూడేళ్లు కష్టపడి తయారుచేసిన సెన్సర్ పొర, గది గాలిని పసిగట్టి లోపల ఎంతమంది ఊపిరి పీలుస్తున్నారో చెప్పాలి. రేపే రివ్యూ. అడిక్‌మెట్ ల్యాబులో ముగ్గురు కూర్చుంటే తెర మీద రెండు అని వచ్చింది. ఒకరు లేచి వెళ్తే ఒకటి అని వచ్చింది.

"ప్రతిసారి ఒకర్ని తక్కువ చూపిస్తున్నది," అంది గైడ్ అరుంధతి. "ఖాళీ గదిల సున్నా సెట్ చెయ్యమన్న గదా, ఎక్కడ చేసినవ్?"

"అశోక్ నగర్ల నా రూంల, మేడమ్. ఆదివారమంతా తలుపులేసి రీడింగ్ తీసిన."

"మధ్యల ఎవరన్న వచ్చిండ్రా?"

"నా రూంకు ఎవరొస్తరు మేడమ్? పొద్దుగూకేదాంక ఎవ్వరు లేరు."

అరుంధతి తెర మీంచి చూపు తిప్పి అతణ్ని చూసింది.

"మరి నువ్వెక్కడున్నవ్?"

"అక్కడ్నే మేడమ్. మంచం మీద కూసున్న."