ఓటీపీ అడిగినవాడు

"నువ్వే నొక్కబ్బయ్యా, నీకు పుణ్యముంటది," అంటూ కామమ్మ ఫోను చాపింది.

కొత్త మనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోనక్కా. మీరే చేయండి, నేను చూస్తా."

ఇదేం చోద్యమో కామమ్మకు అర్థం కాలేదు. కూతురు రోజాకి నర్సింగు సీటొచ్చింది. శనివారంలోగా కులం సర్టిఫికెట్టు ఇవ్వాలి. అది ఫోనులోనే తీసుకోవాలట. తల్లీకూతుళ్లు నానా తంటాలు పడుతుంటే ఈయనగారు ఊడిపడ్డాడు. జనం ఫోనులో ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసే గవర్నమెంటు పని మీద వచ్చానన్నాడు. మెడలో కార్డు లేదు, వెంట తెలిసిన మొహం లేదు. ఎండుచేపల గంపల పక్కన చతికిలబడి ఆమె వేలినే చూస్తున్నాడు.

వేలు ఆగింది.

"ఏం ఆగినారక్కా?"

"ఓటీపీ అంటుంది."

"అది ఎవరి ఫోనుకొస్తుంది?"

కామమ్మ ఫోను గుండెలకు అదుముకుంది. పక్కింటి సామ్రాజ్యం ఖాతా ఊడ్చేసినవాడూ ఇట్లాగే తీయగా అడిగాడు.

"ఓటీపీ కావాల్నా నీకు?" కామమ్మ కొంగు బిగించి లేచింది. "అది మా ఆయన ఫోనుకొస్తాది. ఆ ఫోను వేటకు పోయింది! సముద్రంలోకి పోయి అడుక్కో, పో!"

ఆ కేకకు పాళెంలోని ఆడవాళ్లంతా పోగయ్యారు. సామ్రాజ్యం చీపురు తిరగేసింది.

అతను చెప్పులు చేతపట్టుకుని వెనక్కి నడిచాడు.

"వేటకు పోయిందా..." అని గొణుక్కుని, "రేపు పాపను తీసుకుని సచివాలయానికి రండక్కా. ఓటీపీ లేకుండా ఇప్పిస్తా," అన్నాడు.

"చూసినావా, వల వేస్తన్నాడు!" అంది సామ్రాజ్యం.

మర్నాడు రోజా బతిమాలింది. "ఒకసారి పోయొద్దాం అమ్మా."

"నోరు మూసుకుని ఇంట్లో ఉండు."

మొగుడు చిన్నపోలయ్య పడవ ఆదివారం ఒడ్డుకొచ్చింది. అప్పటికే సీటు ఇంకెవరికో పోయింది. రోజా అన్నం మానేసి ఏడ్చింది. ఆ దొంగ వచ్చిన వేళ మంచిది కాదని కామమ్మ నోరారా తిట్టింది.

మరుసటి ఏడు మళ్లీ సీటొచ్చింది, సర్టిఫికెట్టు మళ్లీ కొత్తది కావాలన్నారు. చిన్నపోలయ్య మళ్లీ సముద్రంలోనే ఉన్నాడు.

"యాప్ మార్చినారాంటీ. ఇప్పుడు మీరే చేసుకోవచ్చు," అంది సచివాలయంలో పనిచేసే ఏంజెలిన్.

కామమ్మ బెదురుగానే నొక్కింది. అక్షరాలు పెద్దవయ్యాయి. ఎక్కడా తడుముకోలేదు. ఓటీపీ దగ్గరికొచ్చేసరికి మాత్రం వేలు అలవాటుగా ఆగింది.

ఆ రోజు తను ఆ మనిషిని తరుముతూ అరిచిన మాటే తెర మీద పడవ బొమ్మ కింద కనబడితే, కామమ్మ కూడబలుక్కుని చదివింది: "ఫోను వేటకు పోయిందా? ఇక్కడ నొక్కండి."