మళ్ళీ వచ్చిన ట్యూన్

“ఇది మళ్ళీ ఎలా వచ్చింది?”

అప్రయత్నంగా పైకే అనేశాడు మెకానిక్.

లారీ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడతను. ఒళ్ళో లాప్‌టాప్. దాని వైరు స్టీరింగ్ కింద ఇంజన్ కంప్యూటర్‌కి తగిలించి ఉంది. తెర మీద అక్షరాలు మెరుస్తున్నాయి. ‘ఇంజన్‌లో సొంత ట్యూన్ ప్రోగ్రాం ఉంది. పేరు: నిదానం. చెరిపేసి కంపెనీ సెట్టింగ్ వెయ్యాలా?’

“ఏది అన్నా?” కింద నిలబడ్డ ఆవిడ తలెత్తి అడిగింది. నల్ల సంచీ ఒకటి గుండెలకి హత్తుకుని ఉంది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతోంది చూడమని ఇందాకే లారీ తోలుకొచ్చింది.

“ఏం లేదమ్మా. మిషన్ తిక్క.”

అతను తెర ఇంకోసారి చదివాడు. ఈ పేరు పోయిన వానాకాలం ఇదే షెడ్లో, ఇదే తెర మీద చూశాడు. కొండ దాటబోయే ముందు ఆయిల్ మార్పించుకోవడానికి ఆగాడో పొడుగాటి డ్రైవరు. ఎదురుగా టీ కొట్టుకి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చెప్పాడు.

“నా ట్యూన్ జోలికి మాత్రం పోకు తమ్ముడూ. దిగుడులో కాలు తీస్తే చాలు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఇంట్లో చేసిన సరుకు, బజార్లో దొరకదు.”

సరేనన్నాడు. తీరా తెర అడిగేసరికి ఏదో ధ్యాసలో ‘వెయ్యి’ నొక్కేశాడు. ఇలాంటివి చెరిపే ముందు కాపీ తీసి పెట్టాలి. పెట్టలేదు. కనీసం ఆ డ్రైవరుకైనా చెప్పాలి. అతను నవ్వుతూ తిరిగొచ్చాక చెప్పడానికి నోరు రాలేదు. బిల్లు కూడా రాయకుండా పంపేశాడు. సాయంత్రానికల్లా కబురొచ్చింది. కొండ దిగుతూ లారీ ఒకటి లోయలో పడిందట. బ్రేకులు కాలిపోయాయట.

ఆ లారీయేనా ఇది? కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. కుడివైపు పాత రంగు, ఎడమవైపు కొత్త రంగు. రెండు లారీలు తెచ్చి మధ్యలో కుట్టినట్టుంది.

“ఎవరి బండమ్మా ఇది?”

“మా ఆయనది. ఉన్నన్నాళ్ళూ నన్ను స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు సవతిని తెచ్చావు కదయ్యా అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు సవతినీ నేనే సాకుతున్నా.”

మెకానిక్ నవ్వలేకపోయాడు. పెడల్స్ తన కాళ్ళకి అందడం లేదని అప్పుడు గమనించాడు.

“సీటు ఇంత వెనక్కుందేంటి?”

“అది ఆయన కొలత అన్నా. ముందుకి జరపబుద్ధి కాలేదు. నేను వీపు వెనక దిండు పెట్టుకుంటా.”

దిండు అక్కడే ఉంది. ఎవరో వెనక నుంచి చెయ్యి ఆన్చినట్టు అతని వీపుకి తగులుతోంది.

“ఒకసారి రేజ్ చేసి వదలండి. ఏదో శబ్దం వస్తోంది” అంది ఆవిడ.

ముందుకి జరిగి కూర్చుని తొక్కాడు. ఇంజన్ అరిచింది. కాలు తీశాడు. మామూలు బండి అయితే ఆ శబ్దం నెమ్మదిగా చల్లారాలి. ఇది చల్లారలేదు. గొంతుకి ఏదో అడ్డం పడ్డ మనిషిలా లోపల్నుంచి మూలిగింది. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డంతా ఆ మూలుగే.

“అచ్చం మా ఆయన గురకే” అంది ఆవిడ.

చటుక్కున ఇంజన్ ఆపేశాడు. “ఆయన పోయాక... దీని లోపల ఎవరైనా ఏమైనా మార్చారా?”

“ఎవరు మారుస్తారన్నా? దీని మీద చెయ్యి పడితే నాది పడాలి, లేకపోతే ఆయనది.”

“ఆయనదా?”

“వస్తుంటాడు లెండి, కలలోకి. ‘కాలు తీశానే, బండి ఆగలేదేంటే?’ అంటాడు. అదొక్కటే అడుగుతాడు. నా దగ్గర జవాబుంటేగా.”

 మెకానిక్ గబుక్కున వైరు పీకేశాడు.

“బండి బాగానే ఉందమ్మా. లైటు దానంతటదే పోతుంది. తీసుకెళ్ళిపోండి.”

“మరి ఆ ట్యూన్ చెరిపెయ్యరా?”

“వద్దు! దాని జోలికి నేను పో...” మాట మధ్యలో ఆగిపోయింది. “ట్యూన్ ఉందని మీకెవరు చెప్పారు?”

ఆవిడ మెట్టెక్కింది. అతన్ని దాటి చెయ్యి చాపి, డాష్‌బోర్డు కింద ఊడి వేలాడుతున్న సన్నటి వైరు ఒకటి తగిలించింది. ఎర్ర లైటు ఆరిపోయింది. అప్పుడు నల్ల సంచీ జిప్పు తీసింది. లోపల లాప్‌టాప్, అతని చేతిలో ఉన్నలాంటిదే ఒక వైరు.

“ఇంట్లో చేసిన సరుకని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు పిచ్చి మారాజు. చేసింది నేనే. బండి బాగుచేయించాక తెరిచి చూస్తే నా ట్యూన్ లేదు. మళ్ళీ అదే రాసి, అదే పేరు పెట్టి, కొండకి ఇవతలున్న షెడ్లన్నీ తిరుగుతున్నా.”

“మరి... నేనేనని ఎలా...”

“అందరూ దాన్ని చూసి ‘ఇదేంటి?’ అన్నారు. ‘మళ్ళీ ఎలా వచ్చింది?’ అన్నది నువ్వొక్కడివే.”